సాక్ష్యమా, ఒప్పుకోలా?

ఇంగ్లండు ఉత్తరభాగమున లాంకషైర్ మండలములోని ఆక్రింగ్టన్ అను మిల్లుల పట్టణమునందు, పెంటెకోస్తు విశ్వాసమున తిరుగులేని పట్టుదల గల యొక తల్లి, తాను పెంచుకొనుచున్న బాలికకు షార్లెట్ బ్రాంటీ రచించిన ‘జేన్ ఐర్’ నవలను బిగ్గరగా చదివి వినిపించుచుండెను. కథ తుదిభాగమునకు వచ్చునప్పటికి ఆ తల్లి పుటలు త్రిప్పుట మానకయే, పుటలలో లేని వృత్తాంతమును రచయిత్రి శైలిలోనే అప్పటికప్పుడు అల్లి, జేన్ తాను ప్రేమించిన రాచెస్టర్ వద్దకు మరలిపోక, మతప్రచారార్థము హిందూదేశమునకు బయలుదేరనున్న సెయింట్ జాన్ రివర్స్ అను పాదిరిని పెండ్లాడినట్లు ముగించెను. ఆ బాలిక పెరిగి, గ్రంథాలయములో ఒక మూల ఆ పుస్తకమును స్వయముగా చదివినప్పుడు, తాను విన్న ముగింపు అందులో లేనే లేదని తెలిసికొని దిగ్భ్రాంతి చెందెను. జెనెట్ వింటర్సన్ 1985లో ప్రకటించిన ‘ఆరెంజెస్ ఆర్ నాట్ ది ఓన్లీ ఫ్రూట్’ అను తొలి నవలలోని ఘట్టమిది. రచయిత్రియు 1959లో మాంచెస్టరున జన్మించి, ఆ ఆక్రింగ్టన్‌లోనే అట్టి యింట దత్తపుత్రికగా పెరిగినది. కథలోని బాలిక పేరును జెనెట్టే.

స్వలింగానురాగము గల బాలిక యౌవనమునకు ఎదుగు కథగా ఈ నవలను సాహిత్యచరిత్రకారులు లెక్కింతురు. అది సరియైన లెక్కయే. ఐనను ఆ తల్లి చేసిన పనియందు నాకు అంతకంటె లోతైన ప్రశ్న యొకటి గోచరించుచున్నది. ఎదుగుచున్న మనిషి కథకు ముగింపు వ్రాయు అధికారమెవరిది? ఆ మనిషి లోపల, కథ మొదలగుటకు పూర్వమే, ఒక సత్యము నిక్షిప్తమై యుండునా, లేక చుట్టునున్నవారి మాటలును శాసనములును కూడి ఆ సత్యమును కల్పించునా? మతము, తత్త్వము, సాహిత్యశాస్త్రము మూడును ఈ ప్రశ్నయొద్ద ఒకదాని నొకటి ఒరసికొనుచున్నవి గనుక, దీనిని కొంత నిదానముగా విచారింపదలచితిని.

యూరపు సాహిత్యమున వ్యక్తి ఎదుగుదలయే వస్తువుగా గల నవలకు, గేటే 1795–96లో ప్రకటించిన ‘విల్‌హెల్మ్ మైస్టర్’ మేలుబంతి యని విమర్శకులు చెప్పుదురు. ఈ జాతి నవల వ్యక్తి స్వేచ్ఛకును సమాజవ్యవస్థకును నడుమ కుదిరిన యొడంబడిక యని, వివాహము ఆ యొడంబడికకు ముద్రవంటిదని, ఇటలీ విమర్శకుడు ఫ్రాంకో మొరెట్టి 1987లో ఆంగ్లమున వెలువడిన ‘ది వే ఆఫ్ ది వరల్డ్’ గ్రంథమున విశదపరచెను. వివాహద్వారము పుట్టుకనుండియే మూసియున్న యువకుడు, యువతి, మరి యెటు ఎదుగవలయును? అట్టివారి కథ వ్రాయబూనిన నవలాకారులు, తెలిసియో తెలియకయో, గేటేకంటె పదునాలుగు శతాబ్దుల ప్రాచీనమైన మరియొక నిర్మాణమును ఆశ్రయించిరి. అది క్రీ.శ. 400 ప్రాంతమున సెయింట్ అగస్టీన్ రచించిన ‘కన్ఫెషన్స్’. పదునారేండ్ల వయస్సున పొరుగువాని తోటలో బేరిపండ్లు దొంగిలించిన సంగతి మొదలుకొని, 386లో మిలాను నగరపు తోటలో ఒక పసిగొంతు విని గ్రంథము తెరచి మారుమనస్సు పొందిన గడియ వరకు, తన జీవితమునంతటిని ఆయన దేవునికి నివేదించుకొనుచున్నాడు. చీకటి, సంక్షోభము, ఒక స్వరము, పిదప నూతన జీవితము: ఈ నాలుగు మెట్లును నేటి క్వీర్ యౌవనగాథలలో యథాతథముగా కానవచ్చును. పైకి మతమును ధిక్కరించుచున్నట్లు తోచు నవల, లోపల మతము కట్టిన మెట్లమీదనే అడుగులు వేయుచున్నది.

దీనిని గొప్ప ప్రమాదముగా చూచినవాడు ఫ్రెంచి తత్త్వవేత్త మిషెల్ ఫూకో. 1215 నాటి లాటెరన్ మహాసభ ప్రతి క్రైస్తవుడును ఏటేట పాపసంకీర్తనము చేసికొనవలయునని విధించినది మొదలు, పాశ్చాత్య మానవుడు తనలో దాగిన సత్యమును తవ్వి బయటపెట్టుటయే విముక్తి యని నమ్ముటకు అలవాటు పడెననియు, గురువుకు బదులు వైద్యుడు, న్యాయాధిపతి, మనోవిశ్లేషకుడు వచ్చి కూర్చుండినను ఆ పీఠము మారలేదనియు, కామమును గూర్చిన చరిత్ర తొలి సంపుటమున 1976లో ఆయన వాదించెను. ఆయన మతమున ఒప్పుకోలు దాగిన సత్యమును బయల్పరచదు. ఒప్పుకొమ్మని యడుగు అధికారమే ఒప్పుకొనవలసిన సత్యమును సృష్టించును. ఈ వాదమును అంగీకరించినచో, ‘నేను ఇట్టివాడను’ అని నవలాంతమున ధైర్యముగా పలుకు యువకుడు స్వేచ్ఛను పొందుటలేదు; శతాబ్దుల క్రిందట తనకై సిద్ధపరచిన బోనులోనికి తానై నడచిపోవుచున్నాడు.

మన తార్కికులకు ఈ వివాదము కొత్తది కాదు. కార్యము కారణమునందు ముందే యున్నదా, లేక సరిక్రొత్తగా పుట్టునా యను చర్చను సాంఖ్యులును నైయాయికులును శతాబ్దుల తరబడి నడపిరి. లేనిది పుట్టజాలదని ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికలలో అయిదు హేతువులు చూపెను. నూవులలో ఉన్న నూనెయే గానుగలోనుండి వెలువడుచున్నదని ఆ పక్షము వారి దృష్టాంతము. పుట్టకముందు ఘటము లేదు, కుమ్మరి చేసిన పిదపనే యున్నదని న్యాయవైశేషికుల సిద్ధాంతము. స్వలింగానురాగము పుట్టుకతోనే యున్నదనువారు సత్కార్యవాదులు. అది చరిత్రచేతను వ్యవహారముచేతను కల్పింపబడిన వ్యక్తిత్వమను ఫూకో, ఆయన వెనుక వచ్చిన సిద్ధాంతకర్తలు అసత్కార్యవాదుల పంక్తిలోనివారు. సమాంతరము పూర్తిగా సరిపోవునని నేననను. సాంఖ్యుల విచారణ జగత్తును గూర్చినది, ఈ విచారణ ఒక్క మనిషిని గూర్చినది. ఐనను రెండుపక్షములును చేయు పొరపాటొక్కటే యని చూపుటకు ఇది చాలును. ఉన్నదా, పుట్టినదా యని వారు ఉనికిని గూర్చి యడుగుచున్నారు. నవల చూపునది ఉనికి కాదు, ఎరుక.

ఎరుకను గూర్చి శాస్త్రము చెప్పినవారు పదవ శతాబ్దపు కాశ్మీర శైవులు. ఉత్పలదేవుడు రచించిన ఈశ్వరప్రత్యభిజ్ఞాకారికలు, వానిపై అభినవగుప్తుని వ్యాఖ్య, ఈ దర్శనమునకు మూలస్తంభములు. ప్రత్యభిజ్ఞ యనగా గుర్తించుట. మునుపు విన్న దేవదత్తుడే ఇప్పుడు ఎదుట నిలిచిన ఇతడని కూర్చుకొనుట. గ్రంథము తుదిని ఉత్పలదేవుడు చూపిన దృష్టాంతము నా విషయమునకు అతిసన్నిహితము. ఒక కన్య, ఒకని గుణములను ఇతరుల వలన విని, చూడకయే అతనిపై మనసు నిలుపును. ఎన్నో ప్రార్థనల పిమ్మట అతడు వచ్చి సమీపమునే నిలిచియుండును. ఐనను ఇతడే అతడని తెలియనంతవరకు, అతడు లోకములోని పదిమందిలో ఒకడుగానే యుండి ఆమెకు ఆనందమీయడు. దూతిక యొకమాట చెప్పిన క్షణమున ఆమె హృదయము నిండిపోవును. ఇందు క్రొత్తగా పుట్టినదేదియు లేదు. వాడు ముందే నిలిచియున్నాడు. దాచబడి తవ్వితీయబడినదియు లేదు. వాడు కన్నుల ఎదుటనే యున్నాడు. రెండు పక్షములకును చోటులేని సంఘటన యొకటి అక్కడ జరిగినది. ఆ సంఘటనకు రెండు కావలయును: మునుపు చెవిని పడిన మాట యొకటి, ఇప్పుడు ‘ఇతడే’ అని పలుకు పరుని నోరు మరియొకటి.

అభినవగుప్తుడు ఈ దర్శనమునకే గాక, ధ్వన్యాలోకమునకు లోచనమును, నాట్యశాస్త్రమునకు అభినవభారతిని వ్రాసిన అలంకారశాస్త్రవేత్త గూడ. ఎరుక యనునది సాహిత్యమునకును మోక్షమునకును ఉమ్మడి యను భావము ఆయనయందు ఉపచారము కాదు. అందువలననే ఈ కొలమానమును ఆంగ్లనవలలకు తెచ్చుట అసందర్భము కాదని నా విశ్వాసము.

ఇ. ఎం. ఫార్‌స్టర్ రచించిన ‘మారిస్’ నవలను చూడుడు. 1913లో ఆయన మిల్‌థోర్ప్ గ్రామమున ఎడ్వర్డ్ కార్పెంటర్ అను వృద్ధ రచయితను, ఆయన సహచరుడు జార్జ్ మెరిల్‌ను దర్శించి వచ్చి, ఆ ప్రేరణతో ఈ నవల మొదలిడి మరుసటి ఏట ముగించెను. ఇంగ్లండున పురుషుల నడుమ ప్రేమను నేరముగా ఎంచిన దినములవి; అట్టి శాసనమునే ఆ సామ్రాజ్యము 1860లో 377వ సెక్షనుగా మనకును ఇచ్చిపోగా, దాని పట్టు సడలుటకు 2018 సెప్టెంబరు 6 నాటి సుప్రీంకోర్టు తీర్పు కావలసివచ్చెను. ఫార్‌స్టర్ తన వ్రాతప్రతిని యాభైయేండ్లకు పైగా పెట్టెలోనే యుంచి, 1970లో మరణించెను. పుస్తకము 1971లో వెలువడినది. ఇద్దరు పురుషుల ప్రేమ సుఖాంతమగుటయే తన సంకల్పమని 1960లో వ్రాసిన చివరి మాటలో ఆయన స్పష్టముగా తెలిపెను. ఉరితోనో ఆత్మహత్యతోనో ముగిసినచో ఆ నవలను ప్రకటించుట సులభమై యుండెడిది.

నవల తొలి అధ్యాయమునందే ఒక సముద్రతీరము కలదు. పదునాలుగేండ్ల తొమ్మిది నెలల వయస్సు గల మారిస్ బడి విడిచిపోవు వేళ, డ్యూసీ అను ఉపాధ్యాయుడు స్త్రీపురుష ధర్మమును బోధింపదలచి, చేతికఱ్ఱతో ఇసుకమీద పటములు గీచి వివరించును. పురుషునికి స్త్రీ ప్రేమయే జీవితకిరీటమని చెప్పి, పదేండ్ల పిమ్మట భార్యాసమేతుడై తన యింటికి విందుకు రమ్మని అప్పుడే ఆహ్వానించును. కొంతదూరము నడచినంతనే పటములు చెరుపుట మరచితినని తోచి, వెనుక వచ్చుచున్నవారు చూతురేమోనని ఆయన భయకంపితుడగును. అలలు వచ్చి చెరిపియుండునని బాలుడే ఓదార్చవలసివచ్చెను. మనసులో మాత్రము ఆ గురువును అబద్ధికుడని, పిరికివాడని నిందించుకొనెను. ఆక్రింగ్టన్ తల్లి అచ్చుపుస్తకములో మార్చిన ముగింపును, ఈ గురువు ఇసుకమీద ముందే గీచి పెట్టినాడు.

ఈ ఘట్టమునకు జవాబు నవల చివరిభాగమున, బ్రిటిషు మ్యూజియములో లభించును. మారిస్, అతడు ప్రేమించిన అలెక్ స్కడ్డర్ అను వేటభూముల కావలివాడు అక్కడ కలసికొని వాదించుకొనుచుండగా, ఆ డ్యూసీయే తారసిల్లి, తన పూర్వశిష్యుని ముఖమును చూచి పేరు గుర్తునకు తెచ్చుకొనబోయి తప్పుపేరు పలుకును. మారిస్ తన పేరు చెప్పక, నా పేరు స్కడ్డరని బదులిచ్చును. నాకీ సంభాషణ ఈ నవలకంతటికిని గుండెకాయగా తోచును. శిష్యుని భవిష్యత్తునంతటిని ముందే లిఖించినవాడు వాని పేరైన గుర్తుపట్టజాలలేదు. ఆ క్షణమున మారిస్ మాత్రము తానెవరో ప్రక్కనున్నవాని పేరుతో గుర్తించుకొన్నాడు. ఇది పాపసంకీర్తనము కాదు. అక్కడ గురువుపీఠమున కూర్చుండినవాడెవడును లేడు.

ఇక మారిస్ తొలుత ప్రేమించిన క్లైవ్ డర్హమ్ సంగతి. కేంబ్రిడ్జిలో మారిస్‌కు ప్లేటో రచించిన ‘సింపోజియం’ చదువుమని చెప్పినవాడతడే. అనువాదపు తరగతిలో అధ్యాపకుడు గ్రీకుల ఆ దుర్వ్యసన ప్రస్తావనను విడిచి ముందుకు సాగుమని ఆజ్ఞాపించినప్పుడు, దానిని అసత్యమని మొదట ఆగ్రహించినవాడును అతడే. మారిస్ యొక్క ఆచారభక్తిని తర్కముతో కూలద్రోసినదియు అతడే. అట్టివాడు గ్రీసుదేశమునకు పోయి, తాను గ్రంథములలో ప్రేమించిన ఆ శిథిలముల నడుమ నిలిచి, ఇకమీదట స్త్రీలనే ప్రేమింతునని లేఖ వ్రాసి, పెండ్లాడి, ఎస్టేటును రాజకీయమును చూచుకొనుచు స్థిరపడును. ఇతనిని ద్రోహియని తీర్పరించుట నాకు సమ్మతము కాదు. అతనికి విన్న మాట యున్నది, ‘ఇతడే’ యని అంగీకరించు ధైర్యము చాలలేదు. అలెక్‌కు శాస్త్రము లేదు, మాట లేదు; రాత్రివేళ కిటికీకి నిచ్చెనవేసి ఎక్కివచ్చిన ధైర్యమున్నది. మారిస్ అల్పబుద్ధి గల సామాన్యుడు. ఐనను ఈ రెంటిని తనయందు కూర్చుకొన్నవాడు అతడొక్కడే. ప్రత్యభిజ్ఞ మేధావులకే సొంతము కాదని ఫార్‌స్టర్ ఎంత కరుణతో చూపినాడు!

వింటర్సన్ నవలకు మరల వచ్చెదను. మతవిచారమునకు అదియే సారవంతమైన క్షేత్రము. ఆ నవలయందలి ఎనిమిది అధ్యాయములకును బైబిలు తొలి ఎనిమిది గ్రంథముల పేర్లు పెట్టబడినవి: ఆదికాండము, నిర్గమకాండము, లేవీయకాండము, సంఖ్యాకాండము, ద్వితీయోపదేశకాండము, యెహోషువ, న్యాయాధిపతులు, రూతు. తనను వెలివేసిన శాస్త్రమునే రచయిత్రి తన జీవితమునకు వెన్నెముకగా నిలుపుకొన్నది. ఇది పగతీర్చుకొనుట యని కొందరనిరి. నాకట్లు తోచదు. ఆ బాలికకు భాష నేర్పినది ఆ గ్రంథమే. ప్రేమ యనినను, ప్రవక్త యనినను, అరణ్యమనినను, వాగ్దత్తభూమి యనినను ఆమెకు మొట్టమొదట అర్థము తెలిపినది ఆదివారపు కూడికలే. చేపల అంగడిలో పనిచేయు మెలనీ అను బాలికపై తనకు కలిగిన అనురాగమును ఆమె దేవుడిచ్చిన వరముగానే భావించెను. కన్య చెవిని మునుపు పడిన గుణవర్ణన ఇక్కడ సాక్షాత్తు వేదవాక్యమే యైనది.

ఆ సంఘము ఆమె విషయమున రెండుమారులు పొరబడినది. జెనెట్ పసితనమున ఉన్నట్టుండి వినికిడి కోల్పోయి మాటాడక ఊరకుండగా, పరిశుద్ధాత్మ ఆవేశించి ఆమె పరవశయై యున్నదని సంఘమంతయు ఆనందించినది. అది శరీరవ్యాధి యని మిస్ జ్యూస్‌బరీ అను ఒక స్త్రీ కనుగొన్న పిమ్మట గాని బాలిక ఆసుపత్రికి చేరలేదు. యౌవనమున మెలనీతో స్నేహము బయటపడినప్పుడు అదే సంఘము అది దయ్యపు పని యని నిర్ణయించినది. వ్యాధిని ఆత్మ యని, అనురాగమును దయ్యమని గుర్తించిన ఆ రెండు పొరపాట్లకును కారణమొక్కటే. ఆమెను ఎవరును అడుగలేదు. పిల్ల నోట సాక్ష్యము పుట్టకముందే పెద్దల నోట తీర్పు పుట్టినది.

పిదప జరిగినది వ్రాయుటకు మనసొప్పదు గాని వ్రాయక తప్పదు. సభ నడుమ నిలిపి ఒప్పుకొమ్మనిరి. మెలనీ ఒప్పుకొని పశ్చాత్తాపము ప్రకటించినది. జెనెట్, మనస్సు పవిత్రమైనవారికి ఏదియు అపవిత్రము కాదని తీతుకు పౌలు వ్రాసిన దానినే ఎత్తి చూపి, ఆ మాలిన్యము మీదే గాని మాది కాదని కేకవేసినది. కాపరి చెప్పగా తల్లి ఆమెను గదిలో పెట్టి తాళము వేసి, కప్పుకొన కంబళి యిచ్చినను దీపపుబుడ్డిని తీసికొనిపోయెను. ముప్పదియారు గంటలు అన్నము లేదు. ఆ చీకటిలో నారింజరంగు దయ్యమొకటి ప్రత్యక్షమై ఆమెతో మాటాడును. ఫూకో ఖండించిన ఒప్పుకోలు నిజముగా ఎట్లుండునో ఈ గది చూపుచున్నది. ఆయన వాదము ఇంతవరకు సత్యమే: ఆకలితోను చీకటితోను రాబట్టిన మాటయందు ఆ బాలిక సత్యమేమియు లేదు, అడిగినవారి సత్యమే యున్నది. ఆమెయు తుదకు, తాత్కాలికముగా, వారు కోరిన మాటయే పలికినది.

కాని ఆ సంఘమునందే మరియొక ఆచారమున్నదని ఫూకో చూడలేదు. గుంటూరు, కృష్ణా మండలముల పల్లెలలోని సంఘములను ఎరిగినవారికి దీనిని వేరుగ వివరింప నక్కరలేదు. కూడికలో ఎవరైనను లేచి నిలిచి, ఎంత పేదవారైనను, చదువు రానివారైనను, ప్రభువు నాకీ మేలు చేసెనని సాక్ష్యము చెప్పుదురు. తక్కినవారు వినుటకే యున్నారు, క్షమించుటకు గాని శిక్షించుటకు గాని కాదు. ఒప్పుకోలు పైవానికి చేయునది. సాక్ష్యము ప్రక్కవానికి చెప్పునది. ఒప్పుకోలున ‘నేనేమి’ అను ప్రశ్నకు జవాబు వెదకుదురు. సాక్ష్యమున ‘నాకేమి జరిగినది’ అను దానిని చెప్పుదురు. ఆక్రింగ్టన్ సంఘమున ఎల్సీ నోరిస్ అను వృద్ధురాలు సాక్ష్యము చెప్పుటయందే పేరుగాంచినది. జెనెట్ ఆసుపత్రిలో ఒంటరియై యున్నప్పుడు ప్రతిదినము వచ్చి కూర్చున్నదియు ఆమెయే. నా యెరుకలో ఆ నవలయందు నిజమైన సంఘము ఆ ఆసుపత్రి మంచము ప్రక్కన కూర్చుండినది.

మతపక్షమున చెప్పదగిన బలమైన ఆక్షేపణ యొకటి కలదు, దానిని దాటిపోరాదు. కలిగిన ప్రతి యనుభవమును వరమనుకొనినచో వివేచన కెక్కడ చోటు? ఆత్మలను పరీక్షింపుమని యోహాను చెప్పలేదా? ఇది న్యాయమైన ప్రశ్న. పరీక్షకు కొలమానమునుగూడ ఆ గ్రంథమే యిచ్చినది: చెట్టును ఫలముచేత ఎరుగవలయును. ఆ కొలమానముతోనే చూతము. జెనెట్ ఉపదేశించుచుండగా మనుష్యులు విశ్వాసమునకు వచ్చుచుండిరి. అది సంఘమెరిగిన సంగతి. ఫలము మంచిదని వారే యొప్పుకొన్నారు. కావున చెట్టును నరుకుటకు వారికి దారిలేకపోయినది. అప్పుడు వారు చేసినదేమి? స్త్రీలకు ప్రసంగించు అధికారమిచ్చుటవలననే ఈ యనర్థము వాటిల్లినదని, పౌలు చెప్పినట్లు స్త్రీలు సభలో మౌనముగా ఉండవలసినదని కాపరులు నిర్ణయించిరి. ఆ సంఘమును తన భుజములమీద మోసిన తల్లి స్వయముగా లేచి, వాక్యోపదేశము పురుషులకే చెందునని సమ్మతి తెలిపెను. ఒక్క బాలికను దోషినిగా నిలుపుటకు వారు తమ స్త్రీల నోళ్లన్నింటిని మూసికొనిరి; తీర్పును కాపాడుకొనుటకు సిద్ధాంతమును మార్చుకొనిరి. వివేచన కోల్పోయినది ఎవరో పాఠకుడే నిర్ణయించుకొనవలయును. నాకు ఈ పుట చదివినప్పుడెల్ల జెనెట్‌కంటె ఆ తల్లిమీదనే ఎక్కువ దుఃఖము కలుగును.

ఆధునిక సిద్ధాంతకర్తలలో ఈవ్ కోసోఫ్‌స్కీ సెజ్విక్ 1990లో ప్రకటించిన ‘ఎపిస్టెమాలజీ ఆఫ్ ది క్లాజెట్’ గ్రంథమున, మరుగునుండి వెలికివచ్చుట ఒక్కనాటితో ముగియదనియు, ప్రతి క్రొత్త మనిషి ఎదుట ఆ మరుగు మరల ఏర్పడుననియు చెప్పిన మాట, మారుమనస్సు కథకు పెద్ద సవరణ. అగస్టీన్‌కు మిలాను తోట ఒక్కటే. మరుగునుండి వెలికివచ్చువారికి ప్రతి గడపయు ఒక తోట. కాత్రిన్ బాండ్ స్టాక్టన్ 2009లో ‘ది క్వీర్ చైల్డ్’ గ్రంథమున ఇంకొక సూక్ష్మమును పట్టుకొనెను: అట్టి శిశువు శైశవమున ఉన్నప్పుడు ఎవరికిని, తనకును, అట్లు కనబడడు, పెద్దవాడై వెనుకకు తిరిగి చూచినప్పుడే ఆ శిశువు పుట్టును. పైకి ఎదుగుటకు దారిలేనందున ప్రక్కలకు ఎదుగుననియు ఆమె చెప్పెను. ఆమె కాశ్మీర శైవులను చదివెనో లేదో గాని, మునుపటి వానిని ఇప్పటి వానితో కూర్చుకొను ప్రత్యభిజ్ఞయొక్క కాలస్వరూపము సరిగా ఇదియే.

తుదకు జేమ్స్ బాల్డ్విన్. న్యూయార్కు హార్లెంలో 1924లో జన్మించిన ఈయన పదునాలుగేండ్ల ప్రాయమున ప్రసంగపీఠమెక్కి మూడేండ్లు ఉపదేశకుడై యుండి, తరువాత విడిచిపెట్టెను. 1953లో వెలువడిన ‘గో టెల్ ఇట్ ఆన్ ది మౌంటెన్’ నవలయందు 1935 మార్చి నెలలో ఒక్క శనివారము మొదలు ఆదివారపు ఉదయము వరకు జరిగిన కథ యున్నది. ఆ దినము జాన్ గ్రైమ్స్ కు 14 ఏండ్లు నిండినవి. సవతితండ్రి గేబ్రియెల్ వాక్యోపదేశకుడు, కఠినహృదయుడు. కూడికకు ముందు గుడి ఊడ్చుచు, పదునేడేండ్ల ఎలీషాతో జాన్ కుస్తీ పట్టును. ఆ బలమైన చేతుల స్పర్శ వానిలో రేపిన దానికి నవల పేరు పెట్టదు, ఐనను చదువువాడు ఎరుగును. ఆ ఎలీషానే మునుపు ఒక ఆదివారమున, ఎల్లా మే అను కన్యతో తిరుగుచున్నందుకు సంఘకాపరి సభ ఎదుట నిలిపి మందలించియుండెను. ఆ రాత్రి బలిపీఠము ఎదుట జాన్ నేలపై పడి, చీకటిలో కొట్టుమిట్టాడుచుండగా, దాటివచ్చునట్లు పిలిచిన స్వరము తండ్రిది కాదు, ఎలీషాది.

ఈ నవలను మారుమనస్సు కథ యనువారును, మతవిమర్శ యనువారును ఉన్నారు. రెండు పఠనములును ఒక చిన్న సంభాషణను దాటిపోవుచున్నవని నా తలంపు. తెల్లవారి అందరును వీధిలో నడచి ఇండ్లకు పోవుచుండగా జాన్ ఎలీషాను నిలిపి, ఇకమీదట తనకేమి జరిగినను, తానెక్కడికి పోయినను, జనులు తనను గూర్చి ఏమనుకొన్నను, ఈ రాత్రి తాను రక్షింపబడితిననియు, తానక్కడ ఉంటిననియు జ్ఞాపకముంచుకొమ్మని వేడుకొనును. వానికి ముందేమి జరుగనున్నదో వాడెరుగడు. మనమెరుగుదుము, బాల్డ్విన్ ఎరుగును. 1956లో ‘జియోవానీస్ రూమ్’ అను నవలను, ఇద్దరు పురుషుల ప్రేమను గూర్చి, ఆయన ప్రకటింపబోవుచున్నాడు. పదునాలుగేండ్ల బాలుడు పాపమును ఒప్పుకొనుటలేదు, తానెవరో ప్రకటించుటయులేదు. సాక్షిని కోరుచున్నాడు. గేబ్రియెల్ గడపమీద నవ్వు లేని ముఖముతో నిలిచియున్నాడు. ఎలీషా జాన్ నుదుట ముద్దిడి తన దారిని పోవును. మాట నిలుపుకొనెనా లేదా యని నవల చెప్పదు.

అట్టి కోరికకు శాస్త్రములో ఆధారమున్నదా యని యడుగువారు వింటర్సన్ తన నవలకు చివరి అధ్యాయముగా నిలిపిన గ్రంథమునే తెరచి చూడవచ్చును. మోయాబీయుడు పదవతరము వరకును యెహోవా సమాజములో చేరరాదని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము శాసించినది. రూతు మోయాబీయురాలు. భర్త మరణించిన పిమ్మట అత్త నయోమిని విడువక, ఆమె జనమే తన జనమని, ఆమె దేవుడే తన దేవుడని ప్రమాణము చేసి ఆమె వెంట బేత్లెహేమునకు వచ్చినది; ఒక స్త్రీ మరియొక స్త్రీకి చేసిన ఆ ప్రమాణమునకు సమానమైన ప్రేమవాక్యము ఆ గ్రంథమునందు అరుదు. ఆ రూతు మనుమని కుమారుడు దావీదురాజు. బోయజు ఆమెను భార్యగా స్వీకరించిన దినమున ఊరిగవిని యొద్ద కూర్చుండిన పెద్దలు ఆమె జాతిని విచారింపలేదు, ఏదియు ఒప్పుకొమ్మని అడుగలేదు. తాము సాక్షులమని మాత్రము పలికిరి. ద్వితీయోపదేశకాండపు విధి ఆ పెద్దలకు తెలియదనుటకు కథయందు ఎక్కడను ఆధారము లేదు.